మూడు భవనాలు, ఒక నెట్‌వర్క్: అడ్రెసులు పొదుపు చేయకండి

ప్రశ్న: మా ఆఫీసు ఒకే ఆవరణలో మూడు భవనాల్లో ఉంది. మొదటి దాంట్లో 110 మంది, రెండో దాంట్లో 50 మంది, మూడో దాంట్లో 25 మంది పనిచేస్తారు. ఇప్పటిదాకా ఏ భవనానికి ఆ భవనమే. విడి ఇంటర్నెట్ కనెక్షన్, విడి రూటర్. మూడింటిలోనూ 192.168.1.0 నెట్‌వర్కే నడుస్తోంది. ఇప్పుడు కేబుల్ వేసి మూడింటినీ కలిపే పని నాకు అప్పగించారు. నేను నేర్చుకున్న ప్రకారం 192.168.10.0/24ను, అంటే 256 అడ్రెసుల వరసను, ముక్కలు చేశాను (గీత తర్వాతి అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది). 110 మందికి /25, 50 మందికి /26, 25 మందికి /27, రూటర్ల మధ్య లింకులకి /30. అన్నీ సరిగ్గా సరిపోయాయి. మా సహోద్యోగి మాత్రం "ఇంత గొడవెందుకు, స్విచ్‌లన్నీ కలిపేసి ఒకటే నెట్‌వర్క్ పెట్టేయండి" అంటున్నారు. సిమ్యులేటర్‌లో కట్టి చూస్తే పక్కపక్క రూటర్ల మధ్య పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వెళుతోంది గానీ, ఒక భవనంలోని కంప్యూటర్ నుంచి ఇంకో భవనంలోని కంప్యూటర్‌కి వెళ్ళడం లేదు. వచ్చే నెలలో పని మొదలుపెట్టాలి, చాలా టెన్షన్‌గా ఉంది. నా ప్లాన్ సరైనదేనా?

సమాధానం: మీ లెక్కలో తప్పేమీ లేదు. పెద్ద ముక్క ముందు కోసి, తర్వాత చిన్నవి కోశారు. 0 నుంచి 127 దాకా మొదటి భవనం, 128 నుంచి 191 దాకా రెండోది, 192 నుంచి 223 దాకా మూడోది, మిగిలిన 32 అడ్రెసుల్లో లింకులు. ఒకదాని మీద ఒకటి పడలేదు, హద్దులు సరిగ్గా ఉన్నాయి. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేయాల్సిందే. కానీ దయచేసి ఈ ప్లాన్‌ను ఆఫీసులో పెట్టకండి. మొదటి రోజే చాలదు.

ఎందుకంటే మీరు మనుషుల్ని లెక్కపెట్టారు. అడ్రెస్ కావాల్సింది పరికరానికి. 110 మంది ఉన్న భవనంలో 110 కంప్యూటర్లతో ఆగదు. వాళ్ళ మొబైళ్ళు వైఫైకి కలుస్తాయి. బల్ల మీది ఐపీ ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు, హాజరు వేసే బయోమెట్రిక్ మెషిన్, స్విచ్‌లు, అన్నిటికీ తలా ఒక అడ్రెస్ కావాలి. తలకి రెండు చొప్పున వేసుకున్నా 220 అవుతుంది. /25లో వాడుకోగలిగేవి 126. రెండో భవనంలో 50 మందికి 100 పరికరాలు అనుకుంటే మీ /26లో ఉన్నవి 62. అడ్రెసులు అయిపోయిన రోజు ఎవరూ "అడ్రెసులు అయిపోయాయి" అని చెప్పరు. ఉదయం ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మాత్రమే నెట్ రాదు, మధ్యాహ్నం ఎవరో వెళ్ళిపోయాక వాళ్ళకి వస్తుంది. ఆ ఫిర్యాదు వెనక ఉన్న కారణం పట్టుకోవడానికి మీకు వారం పడుతుంది.

ఒక్క అడ్రెస్ కూడా వృథా కాకుండా కోసే ఈ పద్ధతి మనకి పాఠాల్లో నేర్పుతారు. ఇంటర్నెట్‌లో నేరుగా కనిపించే పబ్లిక్ అడ్రెసులు కొరతగా ఉన్నచోట అది చాలా అవసరమైన విద్య. ఆఫీసు లోపల వాడేవి ప్రైవేటు అడ్రెసులు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు వరసల్ని ఇందుకోసమే పక్కన పెట్టింది: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. మొదటి దాంట్లోనే ఒక కోటి 67 లక్షల పైచిలుకు అడ్రెసులున్నాయి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. అలాంటప్పుడు ఎదిగే పిల్లాడికి ఒంటికి అతుక్కునే కొలతతో చొక్కా కుట్టించడం ఎందుకు?

నేనైతే ఇలా పంచుతాను. మొదటి భవనం మొత్తానికి 10.1.0.0/16, రెండోదానికి 10.2.0.0/16, మూడోదానికి 10.3.0.0/16. అడ్రెస్‌లోని రెండో అంకె భవనం నంబరు. మూడో అంకె ఆ భవనంలోని వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) నంబరు: 10 సిబ్బంది కంప్యూటర్లు, 20 ఫోన్లు, 30 ప్రింటర్లు, 40 కెమెరాలు, 50 బయటి నుంచి వచ్చేవాళ్ళ వైఫై, 99 స్విచ్‌ల వంటి నెట్‌వర్క్ పరికరాలు. ఒక్కోదానికి ఒక /24. అంటే 10.2.30.15 అని లాగ్‌లో కనబడగానే అది రెండో భవనంలో ఒక ప్రింటర్ అని కాగితం చూడకుండానే తెలుస్తుంది. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చినప్పుడు ఈ సౌకర్యం విలువ మీకే తెలుస్తుంది. ప్రతి వీల్యాన్‌లోనూ గేట్‌వే (వేరే నెట్‌వర్క్‌లకి దారి ఇచ్చే రూటర్ అడ్రెస్) చివరి అంకె 1 అని ఖాయం చేసుకోండి. 2 నుంచి 49 దాకా చేత్తో ఇచ్చే అడ్రెసులకి వదిలి, అడ్రెసుల్ని దానంతటదే పంచే డీహెచ్‌సీపీని 50 నుంచి మొదలుపెట్టండి.

మొదటి భవనంలో సిబ్బంది మొబైళ్ళు కూడా వీల్యాన్ 10లోనే పడితే /24 ఇరుకవుతుంది. అక్కడ 10.1.10.0/23 ఇవ్వవచ్చు. అది 10.1.10.0 నుంచి 10.1.11.255 దాకా వస్తుంది, 510 అడ్రెసులు వాడుకోవచ్చు. /23 ఎప్పుడూ సరిసంఖ్య దగ్గరే మొదలవుతుంది. 10.1.11.0/23 అని రాస్తే అది నెట్‌వర్క్ మొదలు కాదు, ఒక నెట్‌వర్క్ మధ్యలో ఉన్న అడ్రెస్. వీల్యాన్ నంబర్లు పది పది చొప్పున వదిలి వేయడానికి ఒక కారణం ఇదే. పక్కకి పెరగాల్సి వస్తే చోటు ఉంటుంది.

192.168 ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. ఇళ్ళల్లోని చాలా రూటర్లు 192.168.0 లేదా 192.168.1 తోనే వస్తాయి. మీ సిబ్బందిలో ఎవరైనా ఇంటి నుంచి వీపీఎన్‌లో కలిస్తే, ఆఫీసులోని 192.168.1.20 సర్వర్‌ని అడిగినా వాళ్ళ కంప్యూటర్ దాన్ని ఇంట్లోనే వెతుకుతుంది. 172.16 వరసలోనూ ఒక చిక్కుంది. మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు డాకర్ అనే సాధనం వాడితే అది ఎవరినీ అడగకుండా 172.17.0.0/16ని సొంతం చేసుకుంటుంది. 10 వరసలో ఇలాంటివి తక్కువ తగులుతాయి. ఇంకా జాగ్రత్తగా ఉండాలనుకుంటే 10.1కి బదులు 10.61, 10.62, 10.63 అని మొదలుపెట్టండి. రేపు మీ సంస్థ ఇంకో సంస్థతో కలిస్తే, వాళ్ళు కూడా 10.1 నుంచే మొదలుపెట్టి ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మీ సహోద్యోగి మాట. ఆయన చెప్పింది పనిచేయదని నేను అనను. నాలుగు వందల పరికరాలు ఒకే నెట్‌వర్క్‌లో నడుస్తాయి, వేగం కూడా అంతగా పడిపోదు. నా అభ్యంతరం వేగం గురించి కాదు. ఒకచోట జరిగిన పొరపాటు ఎంత దూరం పాకుతుందన్నదే నా భయం.

నేను చూసిన ఒక ఆఫీసులో రెండు భవనాలు అలాగే స్విచ్‌తో స్విచ్ కలిపి నడిచేవి. ఒకరోజు బల్ల కింద ఊడి పడున్న కేబుల్ చూసి, పాపం ఎవరో మంచి ఉద్దేశంతోనే దాన్ని ఖాళీగా ఉన్న గోడ సాకెట్‌లో పెట్టారు. రెండో కొస అప్పటికే పక్క సాకెట్‌లో ఉంది. ఆ అంతస్తులో ఉన్నది మామూలు చిన్న స్విచ్, లూప్‌ని ఆపే స్పానింగ్ ట్రీ దానికి తెలియదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్ళేది, ఆ చుట్టులో తిరిగి తిరిగి వేలయింది, లక్షలయింది. నిమిషంలోపే ఆ గదే కాదు, అవతలి భవనంలో ఫోన్లు కూడా మూగబోయాయి. ఆరోజు మూడు గంటలు రెండు భవనాల మధ్య పరుగెత్తి ఒక్కో కేబుల్ ఊడదీస్తూ వెతికాను. మధ్యలో రూటర్ ఉండి ఉంటే ఆ తుఫాను ఆ భవనం గుమ్మం దగ్గరే ఆగిపోయేది. రూటర్ బ్రాడ్‌కాస్ట్‌ని దాటనివ్వదు. ఎవరైనా ఇంటి నుంచి వైఫై రూటర్ తెచ్చి తప్పు పోర్టులో గుచ్చితే, అది పంచే తప్పుడు అడ్రెసులు కూడా ఒక్క భవనంలోని ఒక్క వీల్యాన్‌తోనే ఆగుతాయి. అందుకే భవనానికి భవనానికి మధ్య రూటింగ్ ఉండాలంటాను. ఈ విషయంలో మీరు వెనక్కి తగ్గకండి.

"రూటర్" అంటే రూటర్ అనే పెట్టే కొనాలని లేదు. ఒకే భవనంలో వీల్యాన్ల మధ్య కూడా ప్యాకెట్లు మారాలి కాబట్టి, ప్రతి భవనంలోనూ ఒక లేయర్ 3 స్విచ్ పెడితే ఆ పనీ, భవనాల మధ్య రూటింగూ రెండూ అదే చేస్తుంది, పూర్తి వేగంతో చేస్తుంది. చిన్న రూటర్లు అంత వేగాన్ని తట్టుకోలేవు. ఇంటర్నెట్ వైపు మాత్రం ఫైర్‌వాల్ విడిగా ఉండాలి. ఇక్కడి నుంచి నేను ఆర్1, ఆర్2, ఆర్3 అన్నప్పుడు ఆ మూడు భవనాల్లో రూటింగ్ చేసే పరికరాలు అని అర్థం చేసుకోండి.

కేబుల్ గురించి మీరు ఒక్క మాటే రాశారు, ఏ కేబుల్ అన్నది రాయలేదు. భవనాల మధ్య రాగి తీగ వద్దు, ఫైబరే వేయించండి. దూరం 100 మీటర్ల లోపే ఉన్నా సరే. రెండు భవనాల ఎర్తింగ్ ఒకే స్థాయిలో ఉండదు, ఆ తేడా రాగి తీగ గుండా ప్రవహిస్తుంది. దగ్గర్లో పిడుగు పడితే రెండు వైపులా స్విచ్‌లు కాలిపోతాయి. ఫైబర్ గాజు, దాంట్లో కరెంటు పారదు. సింగిల్ మోడ్ ఫైబర్ అడగండి. స్విచ్‌లో గుచ్చే మామూలు 1 గిగాబిట్ ఎల్‌ఎక్స్ మాడ్యూల్‌తోనే కిలోమీటర్లు వెళుతుంది, రేపు 10 గిగాబిట్ కావాలంటే కేబుల్ మార్చకుండా కొసల్లో మాడ్యూళ్ళు మారిస్తే చాలు. ఒక లింకుకి సాధారణంగా రెండు పోగులు సరిపోతాయి, అయినా 12 పోగుల కేబుల్ వేయించండి. ఖర్చంతా తవ్వకంలో ఉంటుంది, గాజులో కాదు. లోహపు కవచం లేని రకం అడగండి, లేకపోతే ఫైబర్ వేసి కూడా లోహంతో రెండు భవనాల్నీ కలిపినట్టవుతుంది.

ఇక మీ సిమ్యులేటర్ చిక్కు. ఇది నేర్చుకునే ప్రతివాళ్ళకీ ఎదురయ్యేదే, దీని కోసం దిగులు పడకండి. పక్కపక్కన ఉన్న రెండు రూటర్లు ఒకే /30లో ఉంటాయి. ఒకదానికొకటి నేరుగా తెలుసు, వాటి మధ్య పింగ్‌కి ఏ రూటూ అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి పింగ్ వెళ్ళాలంటే అలా కాదు. వెళ్ళే దారి ఆర్1కి తెలియాలి, తిరిగి వచ్చే దారి ఆర్2కి తెలియాలి. చాలామంది వెళ్ళే రూటు ఒక్కటే రాసి ఆగిపోతారు. ప్యాకెట్ అవతలి కంప్యూటర్ దాకా వెళుతుంది, జవాబు కూడా బయల్దేరుతుంది. కానీ ఆ జవాబు ఏ నెట్‌వర్క్‌కి వెళ్ళాలో ఆర్2కి తెలియక దాన్ని పారేస్తుంది. మీకు మాత్రం "వెళ్ళలేదు" అనే కనిపిస్తుంది. రూటర్ నుంచి పరీక్షించేటప్పుడు పింగ్ బయల్దేరే సోర్స్ అడ్రెస్‌గా లింకు అడ్రెస్ కాకుండా లోపలి నెట్‌వర్క్ అడ్రెస్ పెట్టి చూడండి. అసలు లోపం అప్పుడు బయటపడుతుంది. అదీ బాగానే ఉంటే కంప్యూటర్లలో డిఫాల్ట్ గేట్‌వే రాశారో లేదో చూడండి. నిజమైన ఆఫీసులో ఇంకో సంగతి కూడా ఉంటుంది. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా వేరే సబ్‌నెట్ (నెట్‌వర్క్ ముక్క) నుంచి వచ్చే పింగ్‌కి జవాబివ్వదు. అంతా సరిగ్గా ఉన్నా తప్పుందేమో అని మీరు కంగారుపడే ప్రమాదం ఉంది. కాబట్టి అవతలి ప్రింటర్‌కి పింగ్ చేసి చూడండి.

భవనానికి ఒక /16 ఇచ్చిన మేలు ఈ రూట్ల దగ్గరే కనబడుతుంది. ఆర్1 మధ్యలో ఉండి, ఆర్2, ఆర్3 రెండూ దానికే కలిసి, ఇంటర్నెట్ కూడా మొదటి భవనం నుంచే వెళ్ళేట్టు అనుకుందాం. అప్పుడు ఆర్1లో "10.2.0.0/16 ఆర్2 వైపు", "10.3.0.0/16 ఆర్3 వైపు" అని రెండు వరుసలు, ఫైర్‌వాల్ వైపు ఒక డిఫాల్ట్ రూటు (వేరే రూటు లేనివన్నీ వెళ్ళే దారి). ఆర్2లో ఆర్1 వైపు డిఫాల్ట్ ఒక్కటి. ఆర్3లోనూ అంతే. ఫైర్‌వాల్‌కి తిరుగుదారి చెప్పడం మరచిపోకండి, 10.0.0.0/8 మొత్తం ఆర్1 వైపు అని అక్కడ ఒక వరుస. రేపు రెండో భవనంలో కొత్తగా ఇంకో వీల్యాన్ పెట్టినా మిగతా చోట్ల ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. మీ పాత ప్లాన్‌లో అయితే ప్రతి కొత్త ముక్కకీ అన్ని రూటర్లనీ ముట్టుకోవాలి, ముట్టుకున్న ప్రతిసారీ తప్పు చేసే అవకాశం. రూటర్ల మధ్య లింకులకి 10.0.0.0/24ని పక్కన పెట్టి, అందులోంచి 10.0.0.0/30, 10.0.0.4/30 అని తీసుకోండి. రెండు కొసలున్న లింకుకి /31 కూడా వాడొచ్చని 2000లోనే ప్రమాణం వచ్చింది. కానీ మీకు కొరతే లేదు, /30తో హాయిగా ఉండండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది చూసుకోరు. ఎవరో 10.2.77.5కి ప్యాకెట్ పంపారనుకోండి. రెండో భవనంలో వీల్యాన్ 77 లేదు. ఆర్1 తన దగ్గరున్న /16 రూటు చూసి ఆర్2కి పంపుతుంది. ఆర్2కి ఆ నెట్‌వర్క్ తెలియదు కాబట్టి డిఫాల్ట్ రూటు ప్రకారం ఆర్1కే తిప్పి పంపుతుంది. ప్యాకెట్ ఆయుష్షు చెప్పే టీటీఎల్ అంకె సున్నా అయ్యేదాకా ఇద్దరూ దాన్ని బంతిలా విసురుకుంటారు. విండోస్ కంప్యూటర్ నుంచి బయల్దేరిన ప్యాకెట్ టీటీఎల్ 128. ఒకటీ అరా అయితే ఫరవాలేదు. వైరస్ పట్టిన కంప్యూటర్ ఒకటి అడ్రెసులన్నీ వరసగా తడుముతుంటే లింకు నిండిపోతుంది. మందు చాలా సులువు. ఆర్2లో "10.2.0.0/16 నల్ ఇంటర్‌ఫేస్‌కి" అని, అంటే పారేయమని, ఒక వరుస రాయండి. ఆర్3లో 10.3కి, ఆర్1లో 10.1కి కూడా అలాగే. నిజంగా ఉన్న 10.2.10.0/24కి దీనివల్ల ఏమీ కాదు, రూటర్ ఎప్పుడూ ఎక్కువ పొడవు సరిపోలిన రూటునే ఎంచుకుంటుంది.

రెండో, మూడో భవనాల మధ్య కూడా కేబుల్ వేసి త్రికోణం కడదామనిపిస్తే మంచిదే. అప్పుడు మాత్రం చేత్తో రాసిన స్టాటిక్ రూట్లని నమ్ముకోవద్దు, రూటర్లు దారులు వాటంతట అవే తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ పెట్టండి. లింకులో ఫైబర్‌ని రాగి తీగకి మార్చే మీడియా కన్వర్టర్ లాంటి పెట్టె మధ్యలో ఉంటే, అవతల ఫైబర్ తెగినా ఇవతల పోర్టు వెలుగుతూనే ఉంటుంది. స్టాటిక్ రూటు ఆ చచ్చిన దారిలోనే ప్యాకెట్లు పోస్తుంది. ఓఎస్‌పీఎఫ్ ఇలాంటి లింకు మీద మామూలుగా 10 సెకన్లకొకసారి పలకరించుకుంటుంది, 40 సెకన్లు జవాబు లేకపోతే దారి మార్చేస్తుంది. మూడు రూటర్లకి ఏరియా 0 అనే విభాగం ఒక్కటి చాలు. సిబ్బంది ఉండే వీల్యాన్ల వైపు దాన్ని పాసివ్‌గా, అంటే పలకరింపులు పంపకుండా, పెట్టండి. త్రికోణంలోని కేబుళ్ళు మాత్రం ఒకే కాలువలో పోకూడదు. ఒక్క గునపం దెబ్బకి రెండూ తెగితే రెండో కేబుల్ వేసిన ప్రయోజనం ఉండదు.

డీహెచ్‌సీపీ సర్వర్ ఒక్క మొదటి భవనంలోనే పెడితే సరిపోతుంది. కంప్యూటర్ వేసే తొలి కేక బ్రాడ్‌కాస్ట్ కాబట్టి అది రూటర్ దాటి సర్వర్‌కి చేరదు. ప్రతి వీల్యాన్ గేట్‌వే మీద డీహెచ్‌సీపీ రిలే పెట్టండి. రిలే ఆ కేకని సర్వర్‌కి మోసుకెళ్ళి, ఏ గేట్‌వే నుంచి వచ్చిందో కూడా చెబుతుంది, దాన్నిబట్టి సర్వర్ సరైన వరసలోంచి అడ్రెస్ ఇస్తుంది. కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే అడ్రెస్ కనబడితే కేక సర్వర్‌కి చేరలేదనో, జవాబు తిరిగి రాలేదనో అర్థం. ముందు రిలే చూసుకోండి.

మిగిలింది మార్పిడి. మూడు చోట్లా ఒకే 192.168.1.0 ఉన్నంతకాలం వాటి మధ్య రూటింగ్ జరగదు. పక్క భవనంలోని 192.168.1.20ని అడిగితే కంప్యూటర్ అది తన గదిలోదే అనుకుని రూటర్ దగ్గరికే వెళ్ళదు. అడ్రెసుల్ని దారిలో మార్చే న్యాట్‌తో పైపైన సర్దే మార్గం ఉంది గానీ, అది ఒకసారి పెట్టాక ఎవరూ తీయరు, దయచేసి ఆ దారి పట్టకండి. అడ్రెసులు మార్చేయండి, ఒక్కో భవనం చొప్పున, 25 మంది ఉన్న మూడో భవనంతో మొదలుపెట్టి. డీహెచ్‌సీపీ లీజు గడువు, అంటే ఇచ్చిన అడ్రెస్ చెల్లే కాలం, విండోస్ సర్వర్‌లో మామూలుగా 8 రోజులుంటుంది. మీ రూటర్లలో ఎంతుందో చూసి, అన్ని రోజులూ గడిచేంత ముందుగానే గంటకి తగ్గించండి. అప్పుడు మార్పు రోజున కంప్యూటర్లు వాటంతట అవే గంటలోపు కొత్త అడ్రెస్ తీసుకుంటాయి.

ఇబ్బంది పెట్టేవి చేత్తో అడ్రెస్ రాసిన పరికరాలు. ప్రింటర్లు, కెమెరాలు, హాజరు మెషిన్, ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్ళిన పాత సర్వర్. ఈ వారమే ప్రతి భవనంలో రూటర్ ఏఆర్‌పీ పట్టికను (తను చూసిన పరికరాల అడ్రెసుల జాబితా) రోజుకి రెండుసార్లు తీసి దాచుకోండి, అందులో ఉండి డీహెచ్‌సీపీ జాబితాలో లేనివే మీరు వెతకాల్సినవి. వాటి దగ్గరికి నడిచి వెళ్ళి చూసి రాసుకోండి. కెమెరాలకి అడ్రెస్ మారిస్తే రికార్డర్‌లో కూడా మార్చాలి. హాజరు మెషిన్‌కి మారిస్తే జీతాల సాఫ్ట్‌వేర్‌లో మార్చాలి. కాబట్టి మూడో భవనం మార్పు నెలాఖరులో పెట్టుకోకండి.